తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?



ఈ మధ్య ఒక పాత బ్లాగరు మిత్రుడు ఫోను చేసి నన్ను గట్టిగానే మందలించారు. "మాస్టారూ, 2007 నుంచి రాస్తున్నారు. ఇన్నేళ్ళయినా ఇంకా ఈ ఉచితపు చావడిలోనే కాలక్షేపమా? వర్డ్‌ప్రెస్ పెట్టుకుని సొంత జాలస్థలి కట్టుకోరాదా? మీ ఊరి బడికి ఒకటి కట్టించి నడుపుతున్నారు కదా, మీకు తెలియని విద్యా?" అన్నారు. ఫోనులో ఏదో పొడిగా సమాధానం చెప్పి తప్పించుకున్నాను. తరువాత ఆలోచిస్తే ఆయన అడిగినది ఒక్క నా సంగతే కాదనిపించింది. మన తరం బ్లాగరుల్లో చాలామంది ముందు ఉన్న ప్రశ్న అది. అందుకే ఈ టపా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్క మనిషి రాతలకు ఉచిత వసతే మేలు. పదిమంది రాతలను కాపాడవలసి వచ్చినప్పుడే ఓపెన్ సోర్స్ వేదిక మీద సొంతంగా కట్టుకోవాలి. అదీ కనీసం ముగ్గురు మనుషులు దొరికితేనే. ఒక్కడే యజమాని, ఒక్కడే పాలేరు, ఒక్కడే కాపలాదారు అయిన జాలస్థలి ఆ ఒక్కడితోనే పోతుంది. ఈ మాట నేను పుస్తకాలు చదివి అనడం లేదు.

నేను తెలుగు పండితుడిగా పనిచేసిన ఉన్నత పాఠశాలలో 1988 నుంచి 2006 దాకా ఒక లిఖిత పత్రిక నడిచింది. సంక్రాంతికి ఒక సంచిక, వేసవి సెలవులకు ముందు ఒక సంచిక. ఒక్కో సంచికకు ఒక్కటే ప్రతి. దస్తూరి బాగున్న పిల్లలను నలుగురిని కూర్చోబెట్టి రాయించి, బొమ్మలు వేయించి, దారంతో కుట్టి అట్ట వేసేవాళ్ళం. మొదటి సంచిక వారం తిరక్కుండా మాయం కావడంతో, రెండో సంచిక నుంచి గ్రంథాలయపు బల్లకు గొలుసు కట్టి ఉంచాము. అందులో సాహిత్యం ఏమంత లేదు. ఉపమాక వేంకటేశ్వరస్వామి కల్యాణానికి ఎడ్లబండి మీద వెళ్ళిన సంగతి, రహదారి పక్కన లారీ హోటల్లో రాత్రిపూట పనిచేసే పిల్లవాడి దినచర్య (ఆ రహదారికి అప్పుడు అయిదో నంబరు, ఇప్పుడు పదహారు), జీడిపిక్కలు కాల్చి ఒలిచే విధానం, తండ్రితో తెప్ప మీద వేటకు పోయి వాంతులు చేసుకున్న వైనం, ఇలాంటివి. సంధులు తప్పేవి, వాక్యాలు కుంటేవి. అయినా నేను ఎక్కువ దిద్దేవాణ్ణి కాదు.

2012లో మా పూర్వ విద్యార్థి ఒకడు, విశాఖపట్నంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, వాటిని స్కాన్ చేసి అంతర్జాలంలో పెడదామన్నాడు. నాకు అప్పటికే లేఖినిలో టైపు చేయడం వచ్చు కనుక పాఠం ఎక్కించే పని నాది, కట్టడం వాడిది అని ఒప్పందం. ముందు జూమ్లా పెడదామా అన్నాడు. ఆ పేరు స్వాహిలీ మాట నుంచి వచ్చిందనీ, 'అందరూ కలిసి' అని అర్థమనీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. మా చిన్నతనంలో కరణంగారి లెక్కల్లో 'జుమలా' అంటే మొత్తం కూడిక. అరబ్బీ మాట ఒకటి ఓడలెక్కి అటు ఆఫ్రికా తీరానికీ, గుర్రమెక్కి ఇటు మన చావడి లెక్కలకూ చేరిందన్నమాట. చివరికి జూమ్లా కాదని వర్డ్‌ప్రెస్సే పెట్టాము. వాడికి అలవాటైనది అదే. ఇంతకు మించిన శాస్త్రీయ కారణం లేదు.

కాని ఆ వర్డ్‌ప్రెస్ పుట్టుక కథ విన్నాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. మిషెల్ వాల్‌డ్రిగీ అనే ఆయన 2001లో బీ2 అనే పనిముట్టును తయారుచేసి, కొంతకాలానికి దాని ఆలనాపాలనా మానుకున్నాడు. దాన్ని వాడుతున్నవారు దిక్కులేనివారయ్యారు. 2003 జనవరిలో మాట్ మల్లెన్‌వెగ్ అనే పందొమ్మిదేళ్ళ అమెరికా కుర్రవాడు, ఇది ఇలా ఆగిపోయింది, దీని లైసెన్సు జీపీఎల్ కనుక దీన్నే తీసుకుని ముందుకు నడపవచ్చు కదా అని తన బ్లాగులో రాసుకున్నాడు. ఇంగ్లండు నుంచి మైక్ లిటిల్ అనే ఆయన, నేనూ చేయి వేస్తానని కింద వ్యాఖ్య పెట్టాడు. ఆ ఇద్దరి చేతుల మీదుగా 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తొలి ప్రతి వెలువడింది. ఇవాళ ప్రపంచంలోని జాలస్థలుల్లో పదింట నాలుగు దాని మీదే నడుస్తున్నాయని లెక్కలు కట్టేవారు చెబుతారు.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది ఆ సంఖ్య కాదు. ఒకరు వదిలేసిన పనిని మరొకరు అడగకుండానే ఎత్తుకోగలిగారు. జీపీఎల్ ఇచ్చే హక్కు అదే. వాడుకో, లోపల ఏముందో చూడు, మార్చుకో, మార్చినదాన్ని మళ్ళీ అదే షరతు మీద పదిమందికీ పంచు. ఇంగ్లీషులో ఒకే మాట ఉచితానికీ స్వేచ్ఛకూ చెల్లుతుంది కనుక వాళ్ళు దీన్ని గంటల తరబడి వివరించుకోవాలి. మనకు రెండు మాటలున్నాయి. అయినా మనవాళ్ళు 'ఊరకే వస్తుందా?' అన్న చోటే ఆగిపోతారు.

వాళ్ళ స్థలిలో అడుగున ఒక నినాదం ఉంటుంది, కోడు కవిత్వమట. నేను ఒప్పుకోను. కవిత్వంలో ఒక మాట అటూ ఇటూ అయితే లోకం మునిగిపోదు, ఒక్కోసారి కొత్త అందం కూడా వస్తుంది. కోడులో ఒక్క అర్ధవిరామం పోతే తెర తెల్లబడుతుంది. అది కవిత్వం కన్నా సూత్రానికి దగ్గర. అర్ధమాత్ర తగ్గించగలిగితే కొడుకు పుట్టినంత పండుగ చేసుకుంటారని వైయాకరణుల గురించి ఒక నానుడి ఉంది. ప్రోగ్రాములు రాసే మా శిష్యులను చూస్తే అదే గుర్తొస్తుంది. ఇక ఒక్కో పెద్ద విడుదలకూ ఒక్కో జాజ్ విద్వాంసుడి పేరు పెట్టుకునే వాళ్ళ అలవాటు మాత్రం నాకు నచ్చింది. 2004లో వచ్చిన 1.0కు మైల్స్ డేవిస్ పేరు పెట్టారు. మన ప్రాంతంలో పుట్టి ఉంటే దానికి ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు పెట్టుకునేవాళ్ళం.

కట్టడం నిజంగానే సులువు. అయిదు నిమిషాల పని అని వాళ్ళే చెప్పుకుంటారు, మా వాడికి ఒక పూట పట్టింది. నాకు ఆశ్చర్యం కలిగించినది ఆ తరువాతి సంగతి. నిర్వహణ అనే పని సాంకేతికమని, మన తెలుగు పండితులకు సంబంధం లేదని నేను అనుకున్నాను. అందులో సగానికి సగం భాషా సంబంధమైన పనే.

ఒక ఉదాహరణ. టపాకు పేరు పెట్టగానే వర్డ్‌ప్రెస్ ఆ పేరుతోనే చిరునామా తయారుచేస్తుంది. ఆ చిరునామాకు కేటాయించిన చోటు 200 అక్షరాలు. ఇంగ్లీషుకు అది ధారాళం. తెలుగులో ఒక్కో వర్ణం, గుణింతపు గుర్తుతో సహా, మూడు బైట్లు. చిరునామాలో పెట్టడానికి ఒక్కో బైటునూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా విప్పుతారు. అంటే ఒక్క 'మ'కు తొమ్మిది, 'మా'కు పద్దెనిమిది. మొత్తం ఇరవైరెండు గుర్తులు దాటితే తోక తెగుతుంది. 1996 సంచికలో ఒక పిల్ల రాసిన వ్యాసం పేరు 'మా ఊరి చెరువు ఈ ఏడాది నిండలేదు'. దాని చిరునామా 'మా-ఊరి-చెరువు-ఈ-ఏడాది-నిండ' దగ్గర తెగింది. ఇంగ్లీషులో కాదనే మాట వాక్యం నడుమనే వచ్చేస్తుంది. మనకు క్రియ చివర, దాని మీద లేదు, కాదు, రాదు అనేవి మరీ చివర. కత్తెర ఎప్పుడూ మన వ్యతిరేకార్థం మీదే పడుతుంది. ఎండిన చెరువు నిండడానికి వచ్చింది! అప్పటినుంచి ప్రతి టపాకూ చిరునామాను చేత్తో, చిన్నదిగా, అర్థం చెడకుండా పెట్టడం నా పని. ఈ పని ఏ సాఫ్ట్‌వేరు నిపుణుడూ చేసిపెట్టడు, వాడికి ఆ తెగిన తోక కనపడదు.

మరొకటి. 2018 డిసెంబరులో 5.0 ప్రతి వచ్చింది. దానితోపాటు గూటెన్‌బర్గ్ అని ముద్రణా యంత్రం కనిపెట్టినవాడి పేరు పెట్టుకున్న కొత్త రాత పలక వచ్చింది. అందులో ప్రతి పేరా ఒక దిమ్మె. పద్యం టైపు చేసి పాదం చివర ఎంటర్ నొక్కితే నాలుగు పాదాలు నాలుగు దిమ్మెలై ఎడమెడంగా కూర్చున్నాయి. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కాలని తెలియడానికి నాకు నెల పట్టింది. పద్యానికంటూ ప్రత్యేకంగా ఒక దిమ్మె ఉందని, అందులో ఖాళీలు కూడా పెట్టినవి పెట్టినట్టే ఉంటాయని తెలియడానికి మరో ఏడాది. తిట్టుకున్నవాణ్ణే, ఆ దిమ్మె చేసినవాణ్ణి దీవించాను కూడా.

2022 ఏప్రిల్ 4న మా ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాకు మారింది. పిల్లల వ్యాసాల్లో అంతటా 'విశాఖ జిల్లా నక్కపల్లి' అని ఉంది. ఒకే మీటతో అన్ని టపాల్లోనూ మార్చేయవచ్చని మా వాళ్ళు ఉత్సాహపడ్డారు. ససేమిరా అన్నాను. 1993లో రాసిన పిల్లవాడు విశాఖ జిల్లాలోనే ఉన్నాడు. వర్గాల పేర్లు మాత్రం మార్చుకోండి, పాఠం జోలికి పోవద్దు అన్నాను. ఇదంతా పరిష్కర్త చేయవలసిన పని. జాలస్థలి నిర్వాహకుడు అనే పేరు చూసి మనం భయపడి దూరంగా నిలబడుతున్నాం.

ఇక దెబ్బ తగిలిన సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బడి గ్రంథాలయపు రేకులు లేచిపోయి బీరువా తడిసింది. ముప్పైకి పైగా సంచికల్లో పదకొండు ముద్దయ్యాయి. అప్పటికే స్కాన్ చేసి ఎక్కించాము కనుక మేము పెద్దగా బాధపడలేదు. ఇంకా గర్వపడ్డాము కూడా. ఆ గర్వం ఏడేళ్ళు నిలిచింది.

2021 వానాకాలంలో ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒక పెద్దాయన మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన కొడుకు మా బడిలో చదివినవాడే, వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. "మా గుంటడు సిన్నప్పుడు రాసిందేదో కంపూటర్లో ఉందంటన్నారు, ఈడికి ఓపాలి సూపించండి మేస్టారూ" అన్నాడు. నేను సంబరంగా కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా జాలస్థలి ఉండవలసిన చోట, ఈ పేరు అమ్మకానికి ఉంది అని ఇంగ్లీషులో ఒక ప్రకటన కనిపించింది. నేను ఏవో మీటలు నొక్కుతూ, నెట్టు సరిగా లేదని అబద్ధం చెప్పి, తరువాత కబురు చేస్తానని పంపించాను. ఆ పిల్లవాడు గుమ్మం దాటేదాకా తెర వైపే చూశాడు. వాడి తండ్రి వ్యాసం ఉన్న సంచిక ఆ ముద్దయిన పదకొండింటిలో ఒకటి.

జరిగినది చాలా సామాన్యమైన విషయం. కట్టిన శిష్యుడు కెనడా వెళ్ళాడు. పేరుకూ, చోటుకూ ఏటా కట్టవలసిన రుసుము వాడి పాత కార్డు మీద ఉంది, ఆ కార్డు గడువు తీరింది. హెచ్చరిక ఉత్తరాలన్నీ వాడు తెరవడం మానేసిన పాత ఈమెయిలుకు వెళ్ళాయి. వాడి తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. తొమ్మిదేళ్ళు తన జేబులోంచి కట్టాడు, నేను ఒక్కసారి కూడా ఎంతవుతుందిరా అని అడగలేదు. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కూడా తెలియని ఇంట్లో నేను పెద్దమనిషిగా తిరిగాను.

పేరు అపరాధ రుసుముతో తిరిగి వచ్చింది. చోటు అద్దెకిచ్చిన సంస్థ మాత్రం దస్త్రాలను అప్పటికే చెరిపేసింది. శిష్యుడి పాత ల్యాప్‌టాపులో 2020 నాటి డేటాబేసు నకలు దొరికింది. అది కొత్త చోట ఎక్కించి నాకు ఫోను చేశాడు. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన ఉష్ణోగ్రతకు వేసే చిన్న సున్నా, మళ్ళీ అదే 'ఎ', పక్కన కూడికా తీసివేతా కలిపిన గుర్తు, పేజీల నిండా ఇదే మంత్రం. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తెల్లవారి వాడే నవ్వుతూ వివరించాడు. ఇది మీలో ఎవరికైనా ఎదురుకావచ్చు కనుక రాస్తున్నాను. తెలుగు లిపి అంతా యూనికోడులో 128 గడుల ఒకే వీధిలో ఉంది. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు చొప్పున దాస్తారు. అన్ని తెలుగు గుర్తులకూ మొదటి బైటు ఒకటే. రెండోది రెండే రెండు విధాలు. అక్షరాన్ని గుర్తుపట్టించేది మూడోది. ఈ మూడింటినీ కలిపి చదవకుండా, పాత ఐరోపా లిపుల పట్టిక పెట్టుకుని విడివిడిగా చదివితే మొదటి బైటు ఎప్పుడూ ఆ వాలుగీత 'ఎ'గా, రెండోది ఆ సున్నాగానో ఆ కూడిక తీసివేతల గుర్తుగానో కనిపిస్తుంది. అంటే తాళపత్రం చెక్కుచెదరలేదు, చదివేవాడు తెలుగు లిపిని గ్రంథలిపి అనుకుని చదువుతున్నాడు. డేటాబేసుకు ఇది యూటీఎఫ్-8 అని చెప్పి మళ్ళీ ఎక్కించగానే 'శ్రీ' అని మొదలైన పేజీ మొదటి నిమిషంలోనే కనపడింది. అలాంటి పిచ్చి గుర్తులు చూసి అంతా పోయిందనుకుని చెరిపేసుకున్నవారు మనలో ఎందరో ఉండి ఉంటారు. చెరపకండి.

2020 తరువాత ఎక్కించిన టపాల్లో కొన్ని అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవు వారి పాత పేజీల భాండారంలో దొరికాయి. నాలుగు దొరకలేదు. ఆ పెద్దాయన కొడుకు వ్యాసం మాత్రం దొరికింది. పేరు 'అల లెక్క'. ఒడ్డుకు వచ్చే అలల్లో ఏ అల తరువాత తెప్ప దించాలో వాళ్ళ నాన్న ఎలా లెక్కపెడతాడో పదమూడేళ్ళ పిల్లవాడు ఇరవై వాక్యాల్లో రాశాడు. నేను ఆ ఊరు వెళ్ళి ఫోనులోనే చదివి వినిపించాను. పెద్దాయన మధ్యలో ఆపి, "ఆడు తప్పు రాసేడు, ఏడో అల కాదు" అన్నాడు. వాదించడానికి కొడుకు లేడు. మనవడు మాత్రం ఏదో అలో చెప్పమని తాతను అడుగుతూనే ఉన్నాడు.

ఆ తీరం ఇప్పుడు మారుతోంది. మా మండలంలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖ సభ నుంచి శంకుస్థాపన చేశారు. దాని మంచి చెడ్డలు ఈ టపా విషయం కాదు. ఆ పిల్లలు రాసిన జీడితోటలూ సరుగుడు తోపులూ ఇకముందు చాలావరకు ఆ వ్యాసాల్లోనే ఉంటాయి. మా సాదాసీదా పత్రికకు ఇప్పుడు నేను ఇంత విలువ కట్టడానికి అది ఒక కారణం.

నకలు తీసి పెట్టుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడి భాండారంలో భద్రపరిచారు. రాగి చెడలేదు. కాని అందులో ఏముందో పట్టించుకునే మనిషి లేక శతాబ్దాలు గడిచాయి. ఇరవయ్యో శతాబ్దిలో పండితులు పూనుకుని చదివి పరిష్కరించేదాకా ఆ పాటల్లో అధికభాగం లోకానికి లేనట్టే. పెన్‌డ్రైవులో వేసి బీరువాలో పెట్టిన డేటాబేసు నకలు కూడా అలాంటి రాగిరేకే, పైగా రాగి అంత గట్టిది కాదు. ఎక్కడుందో, ఎలా తెరవాలో తెలిసిన మనుషులు ఉండాలి. ఇప్పుడు మాకు ముగ్గురు ఉన్నారు. నేను, తునిలో ఒక పూర్వ విద్యార్థిని, ఆ కెనడా శిష్యుడు. ముగ్గురికీ అన్ని తాళాలూ తెలుసు. రుసుము ఒకరి కార్డు మీద కాకుండా పూర్వ విద్యార్థుల సంఘం ఖాతా నుంచి వెళుతుంది. ప్రతి సంక్రాంతికీ నకలు తీయడమే కాక, ఆ నకలును మరో చోట నిజంగా ఎక్కించి తెలుగు కనపడుతోందో లేదో చూస్తాము. మొదటి ఏడాది చూస్తే బొమ్మలు రాలేదు. డేటాబేసులో పాఠం మాత్రమే ఉంటుందని, బొమ్మలు వేరే అరలో ఉంటాయని అప్పుడు తెలిసింది. పరీక్షించకపోతే పదకొండు సంచికల స్కాన్లు రెండోసారి ముద్దయ్యేవి.

నిలిచిన తెలుగు స్థలాలను చూడండి. 1998లో మొదలైన ఈమాట ఎన్నో లిపి అవస్థలు దాటి యూనికోడుకు వచ్చి, వర్డ్‌ప్రెస్ మీద సంచిక తరువాత సంచిక తెస్తూ వచ్చింది. దానికి సంపాదక బృందం ఉంది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే మరో ఓపెన్ సోర్స్ వేదిక మీద లక్ష వ్యాసాలు దాటింది. అక్కడ ఎవరు వెళ్ళిపోయినా పని ఆగదు. ఇవి మంచి వేదిక వల్ల నిలిచాయని మనం అంటాం. అదే వేదిక మీద కట్టి మూడేళ్ళకు ఆరిపోయిన తెలుగు పత్రికల పేర్లు మీకూ నాకూ గుర్తున్నవే ఎన్ని ఉన్నాయో వేళ్ళు మడిచి చూడండి. ఓపెన్ సోర్స్ లోకంలో తగవులు లేవని కూడా అనను. 2024లో వర్డ్‌ప్రెస్ స్థాపకుడికీ, దాని మీద వ్యాపారం చేసే ఒక పెద్ద సంస్థకూ మధ్య వివాదం కోర్టుకు ఎక్కింది. అందరిదీ అనుకున్న ఊరి బావికి కూడా గిలక ఒకరి చేతిలో ఉందని అప్పుడు చాలామందికి తెలిసింది. అయినా నీళ్ళు తోడుకుని మరో బావి తవ్వుకునే హక్కు లైసెన్సులో రాసి ఉంది. ఉచిత వసతిలో ఆ హక్కు లేదు.

మరి ఆ ఉచిత వసతిలోనే నేను ఎందుకు ఉంటున్నాను? నా మిత్రుడి ప్రశ్నకు సూటి సమాధానం ఇది. నా పిల్లలిద్దరికీ తెలుగు చదవడం వచ్చు, నా టపాలు చదివే ఓపిక లేదు. నేను పోయాక ఏటా రుసుము కట్టి, నెలకోసారి నవీకరణలు చేసి, పాతబడిన ప్లగిన్ల సందుల్లోంచి దూరే దొంగలను తరిమే పని వాళ్ళ నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేదు. అద్దె కట్టని ఇల్లు అద్దె కట్టనందుకు పోదు. యజమాని తలుచుకుంటే పోవచ్చు, ఆ సంగతీ తెలుసు. 2009లో యాహూ వాళ్ళు జియోసిటీస్‌ను మూసేసినప్పుడు ఎందరి సొంత పుటలో ఒక్క దెబ్బకు పోయాయి. అందుకే ఏడాదికోసారి నా బ్లాగు మొత్తాన్ని ఒక దస్త్రంగా దించుకుంటాను. ఆ దస్త్రాన్ని వర్డ్‌ప్రెస్ కూడా చదువుతుంది. నా రాతలు ఎవరికైనా కావాలనిపిస్తే వాళ్ళే ఎత్తుకుంటారు, వాల్‌డ్రిగీ పనిని ఆ ఇద్దరూ ఎత్తుకున్నట్టు. ఎవరికీ అనిపించకపోతే, ఒక పండితుడి ఛందోవాదాలు పోయినందువల్ల తెలుగుకు వచ్చిన నష్టం లేదు. ఆ పిల్లల వ్యాసాల విషయంలో నేను ఆ మాట అనలేను.

ఒక మనవి. లిఖిత పత్రిక సంచికల్లో తొమ్మిదింటికి స్కాన్లు మాత్రమే ఉన్నాయి, పాఠం ఇంకా ఎక్కించలేదు. నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి, పిల్లల దస్తూరి చదవడం కష్టంగా ఉంది. తునికీ అనకాపల్లికీ మధ్య ఎక్కడైనా, తెలుగు టైపింగు వచ్చి, తప్పులను దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించగల ఓపిక ఉన్నవారు ఉంటే కబురు చేయండి. నాలుగో తాళం చెవి ఇస్తాము. జీతం లేదు, ఉపమాక ఉత్సవాలకు వస్తే మా ఇంట్లో భోజనం ఉంది.